అర్జీ కంపెనీది, తేదీలు మీవి

చిరంజీవులారా,

ఆశీస్సులు. అమెరికాలో ఉద్యోగం చేయాలనుకునే మీలో చాలామంది "హెచ్-1బికి అప్లై చేస్తున్నా" అంటుంటారు. హెచ్-1బి అంటే డిగ్రీ కావాల్సిన కొలువుల్లో విదేశీయులకు అమెరికా ఇచ్చే తాత్కాలిక పని వీసా. పొరపాటు ఆ మాటలోనే ఉంది. అప్లై చేసేది మీరు కాదు, కంపెనీ. "మా దగ్గర ఫలానా పని ఉంది, దానికి ఫలానా డిగ్రీ కావాలి, ఈ మనిషికి ఇంత జీతమిస్తాం" అని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునేది యజమాని. మీరు ఆ అర్జీలో పేరున్నవారు, అంతే. ఈ సంగతి పట్టుబడితే ఖర్చు ఎవరిదో, ఉద్యోగం పోతే ఏమవుతుందో, కంపెనీ మారితే చేతిలో ఏం మిగులుతుందో తేలిగ్గా అర్థమవుతుంది.

హెచ్-1బి కోటా ఏడాదికి 65,000. అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000. విశ్వవిద్యాలయాలకూ, ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ ఈ కోటా వర్తించదు. మిగతా కంపెనీలు మార్చిలో ఆన్‌లైన్‌లో మీ పేరు రిజిస్టర్ చేయాలి. ఫీజు 2025 నుంచి 215 డాలర్లు. లాటరీలో ఎంపికైతే ఏప్రిల్ నుంచి పూర్తి అర్జీ వేస్తారు, ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరు 1న. 2023 మార్చిలో 7,80,884 రిజిస్ట్రేషన్లు వచ్చాయి. ఒకే మనిషి పేరును నాలుగైదు కంపెనీలు వేయడం అందుకు పెద్ద కారణం. అందుకే 2024 నుంచి పాస్‌పోర్టును బట్టి మనిషినే లెక్కిస్తున్నారు, పది కంపెనీలు వేసినంత మాత్రాన అవకాశం పెరగదు. కాబట్టి "మా ద్వారా కూడా వేయిస్తాం, డబ్బు కట్టండి" అనే కన్సల్టెన్సీకి రూపాయి ఇవ్వకండి. 2025 సెప్టెంబరులో మరో ప్రకటన వచ్చింది. దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త అర్జీకి 1,00,000 డాలర్లు కట్టాలన్నారు, దాన్ని 12 నెలల గడువుతో తెచ్చారు. ఇలాంటివి మారుతూనే ఉంటాయి. అర్జీ వేసే నాటికి ఏది అమల్లో ఉందో లాయరునే అడగండి, వాట్సాప్ గ్రూపుల్ని కాదు.

అర్జీకి ముందు కంపెనీ కార్మిక శాఖ దగ్గర ఎల్‌సీఏ, అంటే జీతం, పని షరతుల మీద యజమాని ఇచ్చే హామీ పత్రానికి ఆమోదం తీసుకోవాలి. దీనికి ఏడు పనిదినాలు పడుతుంది. ఆ ఊళ్లో ఆ పనికి ఇవ్వాల్సిన కనీస జీతం, పనిచేసే చోటు అందులో ఉంటాయి. ఆ చోటు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ప్రాజెక్టు మారి వేరే మహానగర ప్రాంతానికి వెళ్తే సవరణ అర్జీ వేయాలి. అది లేకుండా పనిచేస్తే హోదాకే ఎసరు. పని లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే పే స్టబ్‌లు (జీతం చీటీలు) ఉండవు, రేపు వేరే కంపెనీకి ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడు ముందు అడిగేది వాటినే. శిక్షణ నిధి కింద కట్టే 750 లేదా 1,500 డాలర్ల ఫీజును ఏ రూపంలోనూ మీ చేత కట్టించకూడదు. అర్జీకయ్యే లాయరు ఖర్చు కూడా యజమాని వ్యాపార ఖర్చే.

పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గుమ్మం దాటడానికే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ఎయిర్‌పోర్టులో ఐ-94ను ఆ తేదీ వరకే ఇస్తారు, అర్జీ ఆమోదం ఇంకా రెండేళ్లున్నా సరే. దిగిన రోజే వెబ్‌సైటులో తేదీ చూసుకోండి.

ఉద్యోగం పోతే మర్నాటి నుంచి 60 రోజులు దేశంలో ఉండొచ్చు. ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. ఈలోగా కొత్త కంపెనీ అర్జీ వేస్తే, అది అందిన రోజు నుంచే అక్కడ పని మొదలుపెట్టొచ్చు, ఆమోదం కోసం ఆగక్కర్లేదు.

హెచ్-1బి మూడేళ్లూ మూడేళ్లూ కలిపి ఆరేళ్లు. ఆరో ఏడు ముగియడానికి 365 రోజుల ముందే గ్రీన్‌కార్డు (శాశ్వత నివాస అనుమతి) పని మొదటి మెట్టు పడి ఉంటే ఏడాదికోసారి పొడిగిస్తారు. రెండో మెట్టు ఐ-140, అంటే మీ గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే అర్జీ, ఆమోదమై గ్రీన్‌కార్డు వరుసలో మీ వంతు రాకపోతే మూడేళ్లకోసారి. కాబట్టి కంపెనీని ఈ మాట నాలుగో ఏడు రాకముందే అడగండి.

ఆ మొదటి మెట్టు పెర్మ్. "ఈ పనికి స్థానికంగా తగినవాళ్లు దొరకలేదు" అని యజమాని రుజువు చేసుకోవాలి. ముందు కార్మిక శాఖ జీతం తేల్చాలి, నెలలు పట్టేది ఇదే. తర్వాత రాష్ట్ర ఉద్యోగ కార్యాలయంలో 30 రోజుల ప్రకటన, రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన, ఆఫీసులో 10 పనిదినాల నోటీసు, డిగ్రీ అవసరమైన కొలువులకు మరో మూడు రకాల ప్రచారం. ఈ ప్రకటనలు దరఖాస్తుకు 30 నుంచి 180 రోజుల ముందువి కావాలి, తేదీ తప్పితే మళ్లీ మొదటికే. కంపెనీ ఆర్నెల్లలోపు అదే పనివాళ్లను తీసేసి ఉంటే ముందు వాళ్లను అడగాలి. లేఆఫ్‌లు వచ్చినప్పుడు పెర్మ్ ఆగిపోవడానికి కారణం ఇదే. ఈ మెట్టు ఖర్చంతా చట్టప్రకారం కంపెనీదే.

అనుభవం లేఖ విషయంలో మాత్రం మీకు గట్టిగా చెప్పాలి. పాత కంపెనీలో ఏ పని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చేశారో ఉన్నదున్నట్టు ఉండాలి. లేని అనుభవం రాయించుకుంటే తర్వాత ప్రతి మెట్టులోనూ ఆ కాగితం బయటికొస్తుంది. అబద్ధమని తేలితే అమెరికాలో అడుగుపెట్టకుండా జీవితకాల నిషేధం పడొచ్చు.

పెర్మ్ వేసిన రోజే మీ ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు వరుసలో మీ చోటు చెప్పే తేదీ. ఆమోదమయ్యాక 180 రోజుల్లోపు ఐ-140 వేయాలి. ఇక మిగిలింది వరుస. ఉద్యోగాల కింద ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, అందులో భార్యాభర్తలు, పిల్లలు కూడా లెక్కే. ఒక్కో దేశానికి మామూలుగా ఏడు శాతం. పౌరసత్వం కాదు, పుట్టిన దేశం చూస్తారు. భారత్‌లో పుట్టినవాళ్లకు ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డు కేటగిరీల వరుసలు పదేళ్లు దాటి ఉండటం ఇందువల్లే. పనిలో ఒకే సత్తా ఉన్న ఇద్దరిని పుట్టుకను బట్టి ఇంత దూరం చేయడం నాకు న్యాయంగా తోచదు. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం వరుసలోకి వెళ్లొచ్చు. వరుస ఏ తేదీ వరకు వచ్చిందో చెబుతూ ప్రతి నెలా వచ్చే వీసా బులెటిన్‌లో మీ తేదీ దాటిందో లేదో చూసుకోవాలి. తేదీ ముందుకు జరిగినట్టే ఒక్కోసారి వెనక్కీ పోతుంది.

వరుసలో ఉండగా కంపెనీ మారితే కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ వేయాలి, కానీ పాత తేదీ మీ వెంటే వస్తుంది. ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటితే పాత యజమాని వెనక్కి తీసుకున్నా రద్దు కాదు. చివరి మెట్టు ఐ-485, అంటే గ్రీన్‌కార్డు ఇమ్మని మీరు వేసే దరఖాస్తు, వేసి 180 రోజులైతే, అలాంటి పనే ఇచ్చే కొత్త చోటికి వెళ్లినా అర్జీ బతికే ఉంటుంది.

పిల్లలకు 21 నిండితే వాళ్లు మీ అర్జీలోంచి జారిపోతారు. వరుసలో మీ తేదీ వచ్చిన రోజున వాళ్ల వయసులోంచి ఐ-140 పరిశీలనలో ఉన్న రోజులు తీసేసి లెక్కగడతారు. ప్రీమియం (త్వరగా తేల్చడానికి అదనపు ఫీజు) కట్టి 15 పనిదినాల్లో ఐ-140 తెచ్చుకుంటే తీసేసేది ఆ కొద్ది రోజులే. పెద్ద పిల్లలున్నవాళ్లు అది కట్టే ముందు లాయరుతో లెక్క వేయించుకోవాలి.

ఐ-140 ఆమోద పత్రం నకలు కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే కనీసం రసీదు నంబరైనా రాసిపెట్టుకోండి. కంపెనీ మూతపడ్డాక మీ ప్రయారిటీ డేట్‌కు ఆధారం ఆ నంబరే.

మీ పెదనాన్న