కూవం ఒడ్డు నుంచి పెరుంబాక్కం దాకా: కరోనా నాటి సాయం వెనుక యాభై ఏళ్ళ కథ

2020 మార్చి 24 సాయంత్రం 6 గంటలకు తమిళనాడులో 144 సెక్షన్ అమల్లోకి వచ్చింది. చెన్నైలో సిటీ బస్సులు ఆగిపోయాయి. మామూలు జనం కోసం అవి మళ్ళీ రోడ్డెక్కింది సెప్టెంబరు 1న. ఆ ఐదు నెలలూ అందరికీ కష్టకాలమే. కానీ నగరం దక్షిణపు అంచున కన్నగి నగర్, సెమ్మంజేరి, పెరుంబాక్కంలలో, మురికివాడల నుంచి తరలించినవాళ్ళ కోసం ప్రభుత్వ బోర్డు కట్టిన ఇళ్ళలో ఉంటున్నవాళ్ళకు బస్సు లేకపోతే పని లేదు, పని లేకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. అప్పుడు బియ్యం, పప్పు, మాత్రలు గడప దాకా చేర్చినవాళ్ళలో స్వచ్ఛంద సంస్థలున్నాయి, మహిళా సంఘాలున్నాయి, ఆ మెట్ల మీదే ఎక్కి దిగే ఇరుగుపొరుగు ఆడవాళ్ళున్నారు. అంత సాయం ప్రత్యేకించి అక్కడే ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1970లో కరుణానిధి ప్రభుత్వం తమిళనాడు స్లమ్ క్లియరెన్స్ (మురికివాడల నిర్మూలన) బోర్డును పెట్టింది. మరుసటి ఏడాది అందుకు చట్టం వచ్చింది. పేదవాడి నవ్వులో దేవుణ్ణి చూద్దామన్నది బోర్డు నినాదం. ఏడేళ్ళలో మద్రాసులో గుడిసె అనేది లేకుండా చేయాలన్నది లక్ష్యం. లక్ష్యం నెరవేరలేదు గానీ, ఆ తొలి రోజుల్లో బోర్డు పాటించిన పద్ధతిని మెచ్చుకోకుండా ఉండలేం. చాలా చోట్ల గుడిసె ఉన్న చోటే మేడ కట్టి, ఆ కుటుంబాలకే ఇచ్చారు. మెరీనా తీరంలో జాలరి కుప్పాలవాళ్ళకు సముద్రం దూరం కాలేదు. పిల్లల బడి మారలేదు, అప్పిచ్చే కిరాణా కొట్టు మారలేదు, జ్వరమొస్తే వెళ్ళే ఆస్పత్రీ మారలేదు.

1977లో ప్రపంచ బ్యాంకు అప్పుతో మద్రాసు పట్టణాభివృద్ధి ప్రాజెక్టు మొదలయ్యాక దారి కొంత మారింది. అరుంబాక్కం, విల్లివాక్కం, కొడుంగైయూర్‌లలో స్థలాలు చదును చేసి, నీళ్ళు, కాలువలు వేసి ప్లాట్లుగా ఇచ్చారు. అప్పట్లో అవి ఊరి చివరలు. నేడు అవి ఊరి మధ్యలో కలిసిపోయాయి.

అసలు మలుపు 1990ల తర్వాత వచ్చింది. వరదలకు అడ్డం, రోడ్లకు అడ్డం, నదుల శుభ్రతకు అడ్డం అంటూ అడయారు, కూవం నదుల, బకింగ్‌హామ్ కాలువ ఒడ్డుల మీది ఇళ్ళను తీసేసి, ఆ జనాన్ని దక్షిణపు అంచుకు తరలించడం మామూలైపోయింది. బకింగ్‌హామ్ కాలువ పేరు వింటే నాకు మనసు ఒక్క క్షణం ఆగుతుంది. మన పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సాగే ఆ కాలువలో, చెన్నై నగరంలో కూవాన్నీ అడయారునూ కలిపే ముక్కను 1877–78 కరువులో కూలీల చేత తవ్వించారు. కరువు పనిగా తవ్వించిన కాలువ గట్టు మీదే తర్వాతి తరాల పేదలు గుడిసెలు వేసుకున్నారు. ఆక్రమణదారులన్న ముద్రతో వాళ్ళను అక్కడి నుంచీ లేపేశారు.

2000 నుంచి ఒక్కియం తురైపాక్కంలో కన్నగి నగర్ పెరిగింది. 15 వేలకు పైగా ఇళ్ళు, వాటిలో మొదట కట్టినవి 200 చదరపు అడుగులకు లోపే. 2004 సునామీ తర్వాత సెమ్మంజేరి నిండింది. ఆపైన కేంద్రం పట్టణాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులతో పెరుంబాక్కంలో ఎనిమిదంతస్తుల బ్లాకులు లేచాయి. మొత్తం 20 వేలకు పైగా ఇళ్ళ ప్రాజెక్టు అది. 2015 డిసెంబరు వరదల తర్వాత అడయారు ఒడ్డువాళ్ళను ముంపు నుంచి కాపాడడానికే అంటూ అక్కడికి పంపారు. పెరుంబాక్కం ఉన్నది పళ్ళికరణై చిత్తడి నేలల పక్కన. పెద్ద వాన పడితే అక్కడా నీళ్ళు నిలుస్తాయి.

ఇలా వెళ్ళినవాళ్ళలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. చెన్నై వీధులు ఊడ్చే, కాలువలు తీసే పనిలో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. లాక్‌డౌన్‌లో ఊరంతా ఇంట్లో కూర్చుంటే వీళ్ళు మాత్రం డ్యూటీకి వెళ్ళాల్సిందే.

2019 డిసెంబరు ఆఖర్లో, పిల్లలకు బడులు నడుస్తుండగానే, నగరం మధ్యలో ఐలాండ్ గ్రౌండ్స్ మైదానం ఎదుట కూవం ఒడ్డున ఉన్న సత్యవాణి ముత్తు నగర్ ఇళ్ళు కూల్చి అక్కడివాళ్ళను పెరుంబాక్కం తీసుకెళ్ళారు. ఊరితో పాటు జిల్లా కూడా మారింది. పెరుంబాక్కం వచ్చేది చెంగల్పట్టు జిల్లాలోకి. ఆ జిల్లా పుట్టి అప్పటికి నెల రోజులే. సామాన్లు సర్దుకుని మూడు నెలలు తిరక్కముందే లాక్‌డౌన్ వచ్చి పడింది. రేషన్ కార్డులో ఇంకా పాత చిరునామా. బీపీ, షుగర్, టీబీ మాత్రలు ఇచ్చే జనరల్ ఆస్పత్రి పాతిక కిలోమీటర్ల అవతల. కొద్ది దూరంలోని కన్నగి నగర్ చెన్నై కార్పొరేషన్ కిందికొస్తుంది, పెరుంబాక్కం రాదు. కార్పొరేషన్ ఏర్పాట్లు ఆ గీత దగ్గరే ఆగిపోతే అవతలివాళ్ళు ఎవర్ని అడగాలి?

పని సంగతి ఇంకా కష్టం. ఈ కాలనీల ఆడవాళ్ళలో చాలామంది ఐటీ కంపెనీలుండే ఓఎమ్‌ఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంబడి అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికీ, ఐటీ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్‌కూ వెళ్తారు. ఆఫీసులు మూతపడ్డాయి, అపార్ట్‌మెంట్లు పనివాళ్ళను లోపలికి రానివ్వలేదు. అసలే కన్నగి నగర్ అడ్రస్ చెబితే ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడే ఊరది. ఇక చేతులు కడుక్కోండి, దూరం పాటించండి అన్న ప్రచారం. ఒకే గదిలో ఐదారుగురు, నీళ్ళ కోసం చేతి పంపు దగ్గర వరసగా బిందెలు. దూరం ఎక్కడ పాటిస్తారు?

మే నెలలో కోయంబేడు కూరగాయల మార్కెట్ నుంచి కేసులు పాకాక చెన్నై కార్పొరేషన్ మురికివాడల్లో స్వచ్ఛంద సంస్థలతో కలిసి ఇంటింటి కార్యక్రమం మొదలుపెట్టింది. వీలైనంత వరకూ ఆ వాడల్లోని వాళ్ళనే వాలంటీర్లుగా తీసుకున్నారు. నా దృష్టిలో ఆ ఏడాది తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇదొకటి. పాజిటివ్ వచ్చిన ఇళ్ళకు రేకులు కొట్టి మూసేస్తున్న రోజులవి. యూనిఫాం వేసుకున్నవాళ్ళు తలుపు తడితే దగ్గు ఉందని ఎవరు చెబుతారు? అదే పక్క బ్లాకు అక్క వచ్చి, ముందు కూతురి సంగతి అడిగి, అన్నం తిన్నారా అని అడిగి, ఆ తర్వాత "పెద్దాయనకు జ్వరమేమైనా ఉందా అక్కా? షుగర్ మాత్రలు ఇంకా ఎన్ని రోజులకొస్తాయి?" అంటే నిజం బయటికొస్తుంది. ఆమె నోట్‌బుక్‌లో ఫ్లాట్ నంబర్ పక్కన రెండు మాటలు రాసుకుంటుంది: ఏ మందు, ఎవరి చేతికి. లిఫ్టు పనిచేయని రోజున పై అంతస్తు దాకా మెట్లెక్కి ఇచ్చి వస్తుంది. ఫీవర్ క్యాంపుకు రమ్మని పిలిస్తే జనం వచ్చింది ఆ పరిచయం వల్లే.

ఆ పరిచయం రాత్రికి రాత్రి పుట్టలేదు. సునామీ నాటి నుంచీ, 2015 వరదల నుంచీ అక్కడ ఎవరింట్లో ముసలివాళ్ళున్నారో, ఎవరు ఒంటరివాళ్ళో సంఘాల ఆడవాళ్ళకు తెలుసు. పట్టణ పేదల కోసం పనిచేసే ఐఆర్‌సీడీయూసీ లాంటి సంస్థలు ఏళ్ళ తరబడి ఆ కాలనీల్లో తిరుగుతూ అంగన్‌వాడీ ఉందా, రేషన్ షాపు ఉందా, బడి ఎంత దూరం అని లెక్కలు తీస్తూ వచ్చాయి. ఎవరికి ఏం అందలేదో వాళ్ళకు అప్పటికే తెలుసు కాబట్టే సరుకుల లారీ వచ్చినప్పుడు ఎటు పంపాలో చెప్పగలిగారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. కార్డుకు వెయ్యి రూపాయలు, ఉచిత రేషన్ ఇచ్చారు. 2021 రెండో వేవ్‌లో రెండు విడతలుగా 4 వేలు ఇచ్చారు. కార్డు చేతిలో ఉన్నవాళ్ళకు అవి ఎంతో ఆసరా. కార్డు లేనివాళ్ళూ, కార్డు పాత షాపులో ఉండిపోయినవాళ్ళూ సంఘాల మీదే ఆధారపడ్డారు.

2021 ఆగస్టు 5న మొదలైన మక్కళై తేడి మరుత్తువం (జనాన్ని వెతుక్కుంటూ వైద్యం) అనే రాష్ట్ర ప్రభుత్వ పథకంలో బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చివ్వడానికి మహిళా వాలంటీర్లను పెట్టారు. లాక్‌డౌన్‌లో సంఘాలు చేసిన పనే అలా సర్కారీ పద్దులోకి ఎక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో స్లమ్ క్లియరెన్స్ బోర్డు పేరును తమిళనాడు పట్టణ ఆవాస అభివృద్ధి బోర్డుగా మార్చారు. అక్టోబరులో పునరావాస విధానం ముసాయిదా విడుదల చేసి జనం అభిప్రాయం అడిగారు. సంఘాలు ఎప్పటి నుంచో అడుగుతున్నది ఒకటే: వీలైతే ఉన్న చోటే ఇల్లు కట్టండి, తప్పనిసరై తరలిస్తే కుటుంబం లారీ ఎక్కేలోపే కొత్త చోట రేషన్ కార్డు, బడి, మందులిచ్చే ఆస్పత్రి, బస్సు సిద్ధంగా ఉంచండి.