ఫార్ములా సరే, అందులో ఏ వోల్టేజీ వేశారు?

ప్లగ్ నల్లబడింది, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగింది, ఎంసీబీ (కరెంటు మించితే సరఫరా ఆపేసే స్విచ్) మాత్రం పడలేదు. "కరెంటు ఎక్కువ లాగలేదు కదా, మరెందుకు కాలింది?" వైరింగ్ పని చేసేవాళ్లకి ఎక్కడికెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఇది. దీని వెనకున్న అపోహ దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం. తర్వాత చూసే మిగతా అపోహలు దీనంత నష్టం చేసేవి కావు.

అపోహ: పవర్ అంటే వి స్క్వేర్ బై ఆర్ (వి వోల్టేజీ, ఆర్ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు). కాబట్టి లూజ్ కనెక్షన్‌లో రెసిస్టెన్స్ పెరిగితే వేడి తగ్గాలి.

వాస్తవం: ఫార్ములా తప్పు కాదు, అందులో ఇంటి లైన్ వోల్టేజీ 230 వేయడం తప్పు. ఆ 'వి' లైన్ వోల్టేజీ కాదు. మీరు లెక్కగడుతున్న ముక్క రెండు కొసల మధ్య ఉండే వోల్టేజీ. హీటర్‌కి 230 వేసినా చెల్లుతుంది, దాదాపు అంతా దాని మీదే పడుతుంది కనుక. పిన్నుకీ సాకెట్‌కీ మధ్య కాంటాక్ట్ మీద పడేది నాలుగైదు వోల్టులే కావచ్చు. అదెంతో తెలియనప్పుడు ఐ స్క్వేర్ ఆర్ పట్టుకోండి (ఐ అంటే కరెంటు). సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపినప్పుడు, కరెంటు అన్నిటికీ ఒకటే.

లెక్క చూడండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల హీటర్ 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది, రెసిస్టెన్స్ 26.45 ఓములు. గట్టిగా పట్టిన కాంటాక్ట్‌లో కొన్ని మిల్లీఓములే ఉంటాయి, అక్కడ ఒక వాటు కూడా పుట్టదు. అదే వదులై 0.5 ఓము అయిందనుకోండి. మొత్తం 26.95 ఓములు, కరెంటు 8.53కి తగ్గింది. 8.53 × 8.53 × 0.5 అంటే 36 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగిస్తుంది. ఇక్కడ అంతకు మించిన వేడి పిన్నంత చోట కూర్చుంది. ఎంసీబీ ఎందుకు పడాలి? దాని దృష్టిలో లోడు తగ్గింది!

పైగా అది అక్కడితో ఆగదు. వేడికి లోహం మీద ఆక్సైడ్ పొర పెరుగుతుంది, సాకెట్ స్ప్రింగ్ పట్టు వదులుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. అది ఒక ఓముకి చేరితే 70 వాట్లు.

ఇంత చిన్న రెసిస్టెన్స్‌ని మామూలు మల్టీమీటర్ ఓమ్స్ రేంజిలో పట్టుకోలేరు. ప్రోబ్ వైర్లకే 0.2, 0.3 ఓము ఉంటుంది. లోడు పెట్టి వోల్టేజీ కొలవాలి. ఉదాహరణకి, హీటర్ ఆపి ఉన్నప్పుడు బోర్డు దగ్గరా సాకెట్ దగ్గరా 232. వేశాక బోర్డులో 230, సాకెట్‌లో 224. అంటే ఆ రెంటి మధ్య 6 వోల్టులు పోతున్నాయి. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ మీటరుకి సుమారు 7 మిల్లీఓములు. దూరం 20 మీటర్లైతే పోనూ రానూ 40, అంటే 0.28 ఓము. 8.5 ఆంపియర్లకి తీగలో పోయేది 2.4 వోల్టులు. మిగిలిన 3.6 జాయింట్లలో పోతోంది. 3.6 × 8.5, సుమారు 30 వాట్లు. తీగ పొడవునా పరుచుకునే 20 వాట్లకి భయం లేదు, ఒక్క చోట పోగయ్యే ఈ 30 వాట్లతోనే పేచీ. లైన్ వోల్టేజీ దానంతటదే ఊగుతుంటుంది కాబట్టి రెండు మూడు సార్లు కొలవండి. బోర్డు తెరవడం అలవాటు లేనివాళ్లు ఆ పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

గంట వాడాక ప్లగ్ గోరువెచ్చగా తగిలితే కంగారు అక్కర్లేదు. వేలు ఆనించలేకపోతే మాత్రం మెయిన్ ఆపాకే ముట్టుకోండి. స్క్రూ బిగిస్తే సరిపోదు. నల్లబడ్డ రాగిని కత్తిరించి కొత్త కొస తీయాలి, ప్లగ్ సాకెట్ రెండూ మార్చాలి. కాలిన పిన్ను కొత్త సాకెట్‌నీ పాడుచేస్తుంది. పోగుల తీగకి సోల్డర్ పూసి స్క్రూ కింద పెట్టొద్దు, అది ఒత్తిడికి నెమ్మదిగా నలిగి మళ్లీ వదులవుతుంది. తీగ కొసకి లగ్గు (లోహపు తొడుగు) వేసి క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి.

అపోహ: 12 వోల్టులు, 20 మిల్లీఆంపియర్లు, కాబట్టి ఎల్ఈడీకి 600 ఓముల రెసిస్టర్.

వాస్తవం: మళ్లీ అదే తప్పు. తెల్ల ఎల్ఈడీ తనకి 3 వోల్టులు ఉంచుకుంటుంది. రెసిస్టర్ మీద పడేది 9, కావాల్సింది 450, దొరికేది 470. వేడి 0.17 వాటు. పావు వాటుది తట్టుకుంటుంది గానీ అర వాటుది వేయండి. ఒక్క ఎల్ఈడీకి 600 వేసినా కొంప మునగదు, వెలుతురు కాస్త తగ్గుతుంది. అలాంటివి మూడు సీరీస్‌లో ఉంటే రెసిస్టర్‌కి మిగిలేది 3 వోల్టులే. 600తో 5 మిల్లీఆంపియర్లు వస్తాయి, ఎల్ఈడీలు నాసిరకమని తిట్టుకుంటారు.

అపోహ: మీటర్‌తో కొలిచిన రెసిస్టెన్స్‌తో వాట్లు తేలిపోతాయి.

వాస్తవం: నైక్రోమ్ తీగ వాడే హీటర్‌కి దాదాపు నిజం. ఫిలమెంట్ బల్బుకి కాదు. 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 882 ఓములు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. మోటార్ వైండింగ్ 10 ఓములు చూపించిందని 23 ఆంపియర్లు లాగుతుందని బెదిరిపోనక్కర్లేదు. ఏసీలో తిరిగే మోటార్ కరెంటుని అడ్డుకునేది ఒక్క ఆ పది ఓములే కాదు.

అపోహ: క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) ఆంపియర్లని 230తో గుణిస్తే వాట్లు.

వాస్తవం: హీటర్‌కి అవును. మోటార్ 4 ఆంపియర్లు తీసుకుంటే 920 వచ్చేది వోల్ట్-ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ (వాటిలో నిజంగా వాట్లయ్యే వంతు) 0.7 అయితే వాట్లు 644. తీగ సైజు మాత్రం ఆ 4 ఆంపియర్లకే చూసుకోవాలి, 644 వాట్లకి కాదు.