బస్సులో మూసిన చెవి, సైకిలు మీద తెరిచిన చెవి

ప్రియమైన పిల్లలకు,

“ఏ ఇయర్‌ఫోన్స్ కొనమంటారు?” అని మీలో ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: ఎక్కడ పెట్టుకుంటారు? ఇంట్లోనా, కాలేజీకెళ్లే బస్సులోనా, సైకిలు మీదా? బస్సులో బయటి రొద చెవిలోకి రాకూడదు. సైకిలు మీద బయటి చప్పుడు ప్రతిదీ వినపడాలి. ఒకచోట చెవి మూయాలి, ఇంకోచోట తెరిచి ఉంచాలి. ఈ రెండు పనులూ ఒకే జత సరిగ్గా చేయలేదు. కొనేముందు ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ముందు బస్సు సంగతి చూద్దాం. సిటీ బస్సులో ఇంజను పక్క సీటు దొరికిందనుకోండి. ఇంట్లో సగం వాల్యూమ్‌లో హాయిగా విన్న పాట ఇక్కడ వినపడదు. వేలు తెలియకుండానే ప్లస్ బటన్ మీదికి పోతుంది. రొద ఎంతుందో అంతే ఉంది, దాని నెత్తిన పాట ఎక్కి కూర్చుంది. పోను గంట, రాను గంట, వారానికి ఆరు రోజులు: మొత్తం 12 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు, పిల్లలైతే 75 డెసిబెల్స్‌నే అన్ని గంటలు వినొచ్చు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ గంటలు సగానికి పడిపోతాయి. అంటే పెద్దవాళ్లకైనా 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు. బస్సులో 86 దగ్గర వింటున్న వాళ్లకి ఆ 12 గంటల ప్రయాణంతోనే వారం కోటా దాటిపోతుంది. కర్ణావర్తం గురించి పాఠాల్లో చదివారు కదా, నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. దానిలో ఒక్కో చెవికి శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు సుమారు 15 వేలుంటాయి. అవి మనకు పుట్టుకతో వచ్చినవే, పోయినవి మళ్లీ పుట్టవు. ఇయర్‌ఫోన్స్ తీశాక చెవిలో గుయ్‌మంటున్నా, ఎదుటివాళ్ల మాట దూది అడ్డం పెట్టినట్టు వినిపిస్తున్నా ఆ రోజుకి చెవికి పూర్తి విశ్రాంతి ఇవ్వండి. మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

“60 శాతం దాటొద్దు” అన్న మాట మీరు వినే ఉంటారు. మంచి మాటే, కానీ ఫోన్‌లో 60 శాతం అన్ని ఇయర్‌ఫోన్లలోనూ ఒకే శబ్దం ఇవ్వదు. అంతకన్నా నమ్మకమైన పద్ధతి ఒకటుంది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఎవరైనా మాట్లాడుతున్న రికార్డింగు పెట్టి, ప్రతి మాటా స్పష్టంగా అందే కనీస వాల్యూమ్ ఎన్ని గీతలో లెక్కపెట్టుకోండి. బస్సులో దానికి రెండు మూడు గీతలకన్నా ఎక్కువ పెంచాల్సి వస్తోందంటే మీ ఇయర్‌ఫోన్స్ రొదను ఆపడం లేదని అర్థం.

రొదను ఆపేది చివర ఉన్న ఆ చిన్న రబ్బరు టిప్. పెట్టెలో మూడు సైజులిస్తారు. ఎం సైజు అప్పటికే తొడిగి ఉంటుంది. ఎస్, ఎల్ సైజులు చిన్న ప్లాస్టిక్ కవర్లోనే ఉండిపోతాయి. దయచేసి ఆ కవరు విప్పండి. కుడిచెవి రంధ్రం, ఎడమచెవి రంధ్రం ఒకే కొలతలో ఉండాలని లేదు కాబట్టి, ఒకవైపు ఎం, ఇంకోవైపు ఎల్ తొడిగినా తప్పేమీ లేదు. కుడిచెవికి పెట్టేటప్పుడు ఎడమచేతిని తల వెనకనుంచి తెచ్చి, చెవి పైఅంచు పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. వంపుగా ఉండే చెవిగొట్టం కాస్త తిన్నగా అవుతుంది. అప్పుడు టిప్ పెట్టి, కొద్దిగా తిప్పి, చెవి వదిలేయండి.

సరిగ్గా కూర్చుందో లేదో మృదంగం చెబుతుంది. ఒక కచేరీ రికార్డింగు పెట్టి, మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం దగ్గరికి వెళ్లండి. ఎడమవైపు తొప్పి మీద పడే ‘తోం’ గుండ్రంగా, నిండుగా రావాలి. కుడివైపు ‘నం’ టంగుమని మోగుతూ ‘తోం’ మాత్రం అట్టపెట్టె మీద తట్టినట్టు ఉంటే టిప్ పక్కనుంచి గాలి పోతోంది. వేలితో ఇయర్‌ఫోన్‌ని మెల్లగా లోపలికి నొక్కి చూడండి. ‘తోం’ ఒక్కసారిగా నిండుగా వినిపిస్తే మీకు పెద్ద సైజు టిప్ కావాలి. దిగువ స్వరాలు చెవిగొట్టంలో గాలి బిగిసి ఉంటేనే నిలుస్తాయి, సన్న సందు దొరికినా జారిపోతాయి. అందుకే “దీనికి బేస్ లేదు” అని వాపసు ఇచ్చేముందు మూడు సైజులూ మార్చి చూడాలి. ఏదీ కుదరకపోతే ఫోమ్ టిప్స్ విడిగా దొరుకుతాయి. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, చెవిలో పెట్టి, అర నిమిషం పట్టుకుంటే అది ఉబ్బి చెవి ఆకారానికి సర్దుకుంటుంది. తలకి నూనె రాసుకున్న రోజు చెవి తుడుచుకుని పెట్టుకోండి. నూనె మీద సిలికాన్ నిలవదు.

ఇక ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్), ఈఎన్‌సీ (ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సిలేషన్). పెట్టె మీద ఒక్క అక్షరం తేడా, పనిలో మాత్రం చాలా తేడా. ఏఎన్‌సీ ఉంటే బయటి మైకు రొదను విని, దానికి సరిగ్గా ఎదురు తిరిగిన తరంగాన్ని చెవిలో వదులుతుంది. రెండూ కలిసి చాలావరకు రద్దవుతాయి. బస్సు ఇంజను, రైలు చక్రాల హోరు, ఏసీ, విమానం, ఇలా ఆగకుండా ఒకే తీరుగా వచ్చే దిగువ శబ్దాల మీద బాగా పనిచేస్తుంది. హారన్, కండక్టరు కేక, పక్క సీటు కబుర్లు దానికి అంతగా లొంగవు. వాటిని ఆపాల్సింది టిప్పే. టిప్ వదులుగా ఉంటే ఏఎన్‌సీకి పెట్టిన డబ్బు దండగ. ఈఎన్‌సీ మీ మైకు కోసం. కాల్‌లో అవతలివాళ్లకి మీ చుట్టూ ఉన్న గోల తగ్గించి పంపుతుంది. మీ చెవిలో పడే రొద ఒక్క డెసిబెల్ కూడా తగ్గదు. తక్కువ ధర పెట్టెల మీద ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అని పెద్ద అక్షరాలతో వేసి, వెనక చిన్నగా ఈఎన్‌సీ అని రాస్తారు. పెట్టె తిప్పి చదవండి. బస్సు కోసం కొంటున్నవాళ్లు దీని దగ్గరే ఎక్కువ మోసపోతారు.

వైరా, వైర్‌లెస్సా? ఇంట్లో చదువుకుంటూ వినడానికి, ఆన్‌లైన్ క్లాసులకి వైరు ఉన్నదే కొనమంటాను. అదే ధరలో శబ్దం మెరుగు, ఛార్జింగ్ గొడవ లేదు, ఆటలో తుపాకీ పేలాక ఆలస్యంగా శబ్దం రావడం ఉండదు. ఫోన్‌కి 3.5 ఎంఎం రంధ్రం లేకపోతే టైప్-సి కన్వర్టర్ తీసుకోవాలి. అయితే డిజిటల్‌ని శబ్దంగా మార్చే డాక్ చిప్ ఉన్న కన్వర్టర్ అడగండి. అది లేనివి కొన్ని ఫోన్లలో అసలు మోగవు. వైరు ఎక్కువగా తెగేది రెండు చోట్ల: ప్లగ్గు మొదట్లో, రెండుగా చీలే చోట. తీసేటప్పుడు వైరు కాకుండా ప్లగ్గు పట్టుకుని లాగండి. ఫోన్ చుట్టూ బిగించి చుట్టకండి, నాలుగు వేళ్ల మీద వదులుగా చుట్టి జేబులో పెట్టండి. నడుస్తుంటే చొక్కాకి రాసుకుని గరగర వినిపిస్తే వైరును చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకుంటే చాలావరకు పోతుంది.

వైర్‌లెస్ బడ్‌లో ఉండేది 40, 50 ఎంఏహెచ్ బ్యాటరీ, మీ ఫోన్ బ్యాటరీలో నూరోవంతు. రోజూ ఛార్జ్ అవుతూ రెండు మూడేళ్లలో నీరసిస్తుంది. చాలా మోడళ్లలో మార్చడానికి వీలుండదు. అందుకే సెకండ్‌హ్యాండ్ బడ్స్ కొనొద్దు. పెట్టె మీద 50 గంటలని ఉంటే అది ఛార్జింగ్ డబ్బాలోని ఛార్జ్ కూడా కలిపిన లెక్క. బడ్ ఒక్కటే ఎన్ని గంటలు, ఏఎన్‌సీ వేసినప్పుడు ఎన్ని గంటలు అన్నదే చూడండి. పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతిని కోడెక్ అంటారు. కోడెక్‌ల పేర్ల కోసం అదనంగా డబ్బు పెట్టేముందు అదే కోడెక్ మీ ఫోన్‌లో ఉందో లేదో చూడండి. ఉదాహరణకి ఎల్‌డీఏసీ అనే కోడెక్ ఐఫోన్‌లో పనిచేయదు.

సైకిలు దగ్గరికి వద్దాం. ట్రాఫిక్‌లో తొక్కేటప్పుడు ఏవీ పెట్టుకోకపోవడమే నా సలహా, ఇందులో మొహమాటం లేదు. వెనక ఏం వస్తోందో మీకు చెప్పేది చెవే. ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఆటోలు పక్కకి వచ్చేదాకా చప్పుడే చేయవు. టైరు రోడ్డు మీద రాసే సన్నటి శబ్దం ఒక్కటే గుర్తు. టిప్ పెట్టిన చెవికి ముందు పోయేది ఆ శబ్దమే.

“ఒక్క చెవికే పెట్టుకుంటాను” అంటారు. అందులో ఉన్న చిక్కు చెబుతాను. హారన్ కుడివైపు మోగితే ఆ శబ్దం కుడిచెవికి ముందు, ఎడమచెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అంత సన్నటి తేడాను పట్టుకునే మెదడు “కుడివైపు” అని తేలుస్తుంది. ఒక చెవి మూస్తే హారన్ వినపడుతుంది, ఎటునుంచో తెలియదు. తెలియక తల తిప్పుతారు, తల తిరిగినవైపు హ్యాండిల్ కూడా వాలుతుంది. దారి చెప్పే మ్యాప్ గొంతు కోసం తప్పదనుకుంటే మన దేశంలో ఎడమచెవికే పెట్టండి, దాటివెళ్లే బండ్లు కుడివైపు నుంచి వస్తాయి కాబట్టి. అమెరికాలో ఉన్న పిల్లలకి ఇది తలకిందులు. కాలిఫోర్నియా చట్టం సైకిలు మీద రెండు చెవులకీ పెట్టుకోవడాన్ని ఒప్పుకోదు. ఫ్రాన్స్‌లో 2015 జులై 1 నుంచి ఒక్క చెవికి పెట్టుకున్నా జరిమానా 135 యూరోలు.

హైదరాబాద్ ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా. మోటారు బండ్లు రాని అలాంటి దారిలో వినాలనిపిస్తే చెవిరంధ్రం మూయని రకం తీసుకోండి. వీటిలో బోన్ కండక్షన్ రకం చెవి ముందు చెంప ఎముక మీద ఆని, ఎముక ద్వారా శబ్దాన్ని పంపుతుంది. మృదంగం ‘తోం’ ఇందులో ఆశించకండి. వాల్యూమ్ పెంచితే చెంప గిలిగింతలు పెడుతుంది కూడా. మాటలు మాత్రం బాగా వినపడతాయి. “చెవిలోకి వెళ్లదు కాబట్టి చెవి పాడవదు” అనే మాట నమ్మొద్దు, ఎముక మీదుగా వెళ్లినా చేరేది ఆ రోమకణాల దగ్గరికే. కొనేటప్పుడు హెల్మెట్, కళ్లజోడు వెంట తీసుకెళ్లి పెట్టుకుని చూడండి. మెడ వెనక తిరిగే బ్యాండ్ హెల్మెట్ వెనక అంచుకి తగిలి, తల ఎత్తిన ప్రతిసారీ జరిగిపోతుంటే ఆ మోడల్ మీకు కాదు. బయటి శబ్దాన్ని మైకుతో పట్టి చెవిలో వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ బడ్స్‌లో ఉంటుంది, దాన్ని సైకిలు మీద నమ్ముకోవద్దు. మైకు మీద గాలి కొట్టి హోరుమంటుంది, ఛార్జ్ అయిపోతే మిగిలేది చెవిలో బిరడా.

చెమటకీ వానకీ ఎంత తట్టుకుంటుందో పెట్టె మీద ఉండే ఐపీఎక్స్ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే అన్నివైపుల నుంచి పడే తుంపర్లకి తట్టుకుంటుంది. ఐపీఎక్స్5 నీటిధారకి, ఐపీఎక్స్7 మీటరు లోతు నీళ్లలో అరగంటకి. తొక్కేవాళ్లకి 4 తప్పనిసరి, 5 ఉంటే మంచిది. చాలామందికి తెలియనిది, ఆ అంకె బడ్స్‌దే, ఛార్జింగ్ డబ్బాది కాకపోవచ్చు. చెమట బడ్‌ని అలాగే డబ్బాలో పడేస్తే లోపలి రాగి చుక్కలు పచ్చగా పట్టి, ఒకవైపు ఛార్జ్ ఎక్కడం మానేస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, పది నిమిషాలు గాలికి ఉంచి అప్పుడు మూయండి.

ఒకవైపు సౌండ్ తగ్గిపోయిందంటే పాడయిందని వెంటనే పారేయకండి, చాలాసార్లు శబ్దం బయటికి వచ్చే చోట ఉండే జాలీకి గులిమి అడ్డంపడి ఉంటుంది. టిప్ తీసి సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. బడ్‌ని జాలీ నేలవైపు ఉండేలా బోర్లా పట్టుకుని, పొడి మెత్తటి టూత్‌బ్రష్‌తో కిందనుంచి దులపండి, పొట్టు కిందకి రాలిపోతుంది. జాలీ పైకి పెట్టి దులిపితే అదే పొట్టు లోపలికి దిగుతుంది. పిన్నీసు పెట్టకండి, శానిటైజర్ కొట్టకండి. పదిహేను రోజులకోసారి, ఆదివారం సైకిలు చెయిన్‌కి నూనె వేసేటప్పుడు, ఇదీ చేసేయండి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న