సాక్షి సమన్లు: అపోహలు, వాస్తవాలు

ఒక వీలునామా దావాలో మా తరఫు సాక్షి డెబ్బై దాటిన విశ్రాంత ఉపాధ్యాయుడు. వీలునామా రాసిన రోజు సాక్షి సంతకం పెట్టింది ఆయనే. సాక్ష్యానికి రమ్మని కోర్టు ఇచ్చే సమన్లు తెచ్చిన కోర్టు ఉద్యోగి అమీనాను “నా మీద ఏ కేసూ లేదు” అని కిటికీలోంచే పంపేశారు. రెండోసారీ అంతే. మూడోసారి వారెంటు వచ్చింది. ఆ రోజు కోర్టు వరండాలో ఆయన చేతిలో కళ్లజోడు పెట్టె వణుకుతూనే ఉంది. ఏ తప్పూ చేయని మనిషికి ఆ బాధ అక్కర్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సమన్లు తీసుకోకపోతే అందనట్టే.

కాదు. తీసుకోవడానికి నిరాకరించారని పోస్టుమాన్ రాసి పంపితే, సమన్లు అందినట్టే కోర్టు పరిగణించవచ్చు. సివిల్ దావాల్లో తలుపుకు అంటించి వెళ్లవచ్చు. క్రిమినల్ కేసుల్లో మీరు ఇంట్లో దొరక్కపోతే కుటుంబంలోని వయోజనులకు ఇవ్వవచ్చు. ఇదివరకు మగవారికే ఇచ్చేవారు. 2024 జులై 1న క్రిమినల్ కేసులు నడిపే తీరును చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, అమల్లోకి వచ్చాక ఆడవారికీ ఇవ్వవచ్చు. సమన్లు అందకుండా దాక్కోవడం విడిగా ఒక నేరం కూడా.

అపోహ: మహా అయితే ఐదు వందల జరిమానా.

ఈ మాట ఎక్కడిదో నాకు తెలుసు. క్రిమినల్ కోర్టు అక్కడికక్కడే విచారించి వేయగల జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలే. కానీ కథ అంతటితో ఆగదు. కోర్టు పిలిచినా కావాలని రాకపోతే నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 208వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సివిల్ కోర్టు వారెంటు ఇవ్వవచ్చు, ఆస్తి జప్తు చేయవచ్చు, 5,000 వరకు జరిమానా వేయవచ్చు, పూచీకత్తు అడిగి, ఇవ్వకపోతే సివిల్ జైలుకు పంపవచ్చు. పైగా జరిమానా కట్టినంత మాత్రాన సాక్ష్యం చెప్పే బాధ్యత తీరదు.

అయితే ఇవన్నీ సరైన కారణం లేకుండా రానివారికే. జరిమానా వేసే ముందు కోర్టు మీ సంజాయిషీ అడగాలి. జబ్బు చేస్తే డాక్టరు సర్టిఫికెట్‌తో వాయిదాకు ముందే కబురు పంపండి. ఆలస్యంగా వచ్చినా కారణం సరైనదని నమ్మితే జప్తు చేసిన ఆస్తిని కోర్టు విడుదల చేస్తుంది. నేను చూసినంతలో సాక్షికి ముప్పు తెచ్చేది గైర్హాజరు కంటే మౌనమే.

అపోహ: బత్తా (సాక్షికిచ్చే ఖర్చుల డబ్బు) ఇవ్వలేదు కాబట్టి వెళ్లక్కర్లేదు.

సివిల్ దావాలో సాక్షిని పిలిపించిన పక్షం ప్రయాణ ఖర్చులు కోర్టులో జమ చేయాలి. అందకపోతే ఆ సంగతి కోర్టుకు చెప్పుకోవాలి, ఇంట్లో కూర్చోకూడదు. కాగితాలు మాత్రమే తెమ్మంటే వాటిని ఇంకొకరితో పంపినా చాలు.

అపోహ: వెళ్లి నోరు విప్పకపోతే సరి.

జవాబు చెప్పకపోవడమూ నేరమే. చెబితే తన మీదకు వస్తుందని భయపడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: కోర్టు బలవంతం మీద చెప్పిన జవాబు ఆధారంగా మీపై కేసు పెట్టలేరు, అది అబద్ధమైతే తప్ప. బెదిరింపులుంటే దాచవద్దు. సుప్రీంకోర్టు 2018లో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయిలోనే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక వెళ్లిన రోజు కేసు వాయిదా పడితే, కొత్త తేదీ బెంచ్ క్లర్కును అడిగి రాసుకున్నాకే ఇంటికి బయలుదేరండి.