ట్రాక్ మీద ఈఎస్‌సీ: మన కుర్రాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

రాయగడలో నాకు కార్ల వర్క్‌షాపు ఉంది. ఏడాదికి రెండు మూడుసార్లు మన కుర్రాళ్లు కార్లేసుకుని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తుంటారు, పక్క సీట్లో కూర్చుని నేర్పడానికి నేనూ వెళ్తాను. కారు ఇంకా కదలనైనా కదలదు, జారిపోతున్న కారు బొమ్మ ఉన్న బటన్ మీదికి వేలు పోతుంది. ఈఎస్‌సీని (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే కారు జారి అదుపు తప్పకుండా పట్టుకునే వ్యవస్థ) ఆపే బటన్ అది. ఎందుకురా అంటే "అందరూ ఆపేస్తారు కదన్నా" అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఈఎస్‌సీ ఉంటే కారు స్లో అయిపోతుంది.

వాస్తవం: అది మీ స్పీడు చూసి అడ్డుపడదు. మీరు స్టీరింగ్ ఎంత తిప్పారు, కారు నిజంగా ఎంత తిరుగుతోంది, ఆ రెండింటికీ పొంతన ఉందా లేదా, ఇదీ అది చూసేది. పొంతన పోతే ఇంజిన్ శక్తి తగ్గించి, ఏదో ఒక చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది. మలుపులో ముక్కు బయటికి పోతుంటే లోపలివైపు వెనక చక్రాన్ని పట్టుకుంటుంది, తోక జారుతుంటే బయటివైపు ముందు చక్రాన్ని.

పోయినసారి ఒక తమ్ముడికి ఒకే మలుపులో ప్రతి ల్యాప్‌కీ డ్యాష్‌బోర్డు మీద ఈఎస్‌సీ లైటు మిణుకుమిణుకుమంటోంది, అంటే అది కలగజేసుకుంటోందన్నమాట. చూస్తే స్టీరింగ్ ఇంకా తిప్పి ఉండగానే యాక్సిలరేటర్ తొక్కేస్తున్నాడు. "చేతులు తిన్నగా అవుతున్న కొద్దీ కాలు దించు, అంతకుముందు వద్దు" అన్నాను. మూడో ల్యాప్‌కి లైటు రాలేదు, పైగా మలుపు దాటాక కారు ఇంకా బాగా లాగిందని తనే చెప్పాడు. ఆపేసి ఉంటే ఆ తప్పు వాడికి ఎప్పటికి తెలిసేది?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మామూలు మోడ్‌ని రోడ్డు కోసం సెట్ చేస్తారు కాబట్టి కాస్త తొందరగానే కలగజేసుకుంటుంది, చేయి తిరిగిన డ్రైవర్‌కి అది అడ్డుగా అనిపించడం నిజమే. దానికోసమే మధ్యలో ఒక మెట్టు పెట్టారు. బీఎమ్‌డబ్ల్యూ ఎమ్ కార్లలో ఎమ్ డైనమిక్ మోడ్, పోర్షేలో పీఎస్ఎమ్ స్పోర్ట్ లాంటివి కొంచెం జారనిచ్చి అప్పుడు పట్టుకుంటాయి. ఫెరారీ అయితే 2013లో 458 స్పెషాలేతో కారు ఎంత కోణంలో జారుతోందో లెక్కకట్టే సైడ్ స్లిప్ కంట్రోల్ తెచ్చింది.

అపోహ: బటన్ నొక్కితే అన్నీ ఆఫ్.

వాస్తవం: చాలా కార్లలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు పట్టు లేక ఊరికే తిరిగిపోకుండా చూసేది) మాత్రమే పోతుంది, ఈఎస్‌సీ పోవాలంటే కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కొన్నింట్లో ఏం చేసినా పూర్తిగా పోదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) మాత్రం ఉంటుంది. మీ కారు సంగతి మీ మాన్యువల్లో ఉంటుంది, చెన్నై బయల్దేరే ముందే చదవండి.

అపోహ: రేసర్లు ఇవేవీ వాడరు.

ఫార్ములా వన్‌లో 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్ నిషేధం, అది నిజం. కానీ జీటీ3 రేసు కార్లలో (రోడ్డు మీది స్పోర్ట్స్ కార్ల నుంచి తయారుచేసేవి) ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ రెండూ ఉంటాయి, రేసింగ్‌నే వృత్తిగా చేసుకున్నవాళ్లు వాటిని వాడుతున్నారు. పైగా వాళ్ల కారులో రోల్ కేజ్ (బోల్తా పడ్డా లోపలి మనిషిని కాపాడే లోహపు చట్రం) ఉంటుంది. మీరు అదే కారులో సోమవారం ఆఫీసుకి వెళ్లాలి.

అపోహ: ఈఎస్‌సీ ఉందిగా, ఏమీ కాదు.

వాస్తవం: మొదటి అపోహ కంటే నాకు దీనికే భయం. టైరుకి లేని పట్టుని ఏ కంప్యూటరూ తెచ్చివ్వదు. వానలో మా వైపు సుంకి ఘాటీ కొండ దారి దిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, అది పనిచేసేది మీ బ్రేకులతోనే. ట్రాక్ మీద పదేపదే పట్టుకుంటుంటే మీరు పెడల్ ముట్టుకోకపోయినా ప్యాడ్లు కాలిపోతాయి. వెనక ప్యాడ్లు లెక్కకి మించి అరిగి కారు నా దగ్గరికి వస్తే, ఆ డ్రైవర్ మలుపులు ఎలా తీసుకుంటున్నాడో నాకు సగం తెలిసిపోతుంది. సెషన్ అయ్యాక ఒక ల్యాప్ నెమ్మదిగా తిప్పి చల్లారనివ్వండి, ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగొద్దు.

అపోహ: లైటు వెలిగిందంటే చెడిపోయినట్టే.

మిణుకుమంటే పనిచేస్తోందని అర్థం. అలాగే నిలిచి వెలిగితే ఆఫ్‌లో ఉన్నట్టు, లేదా ఏదో లోపం ఉన్నట్టు. ఒకతను "ఏటన్నా, ఏ మలుపూ లేని చోట కూడా బండిని పట్టేస్తోంది, ఇంక శాశ్వతంగా ఆపేస్తా" అంటూ వచ్చాడు. అంతకు వారం ముందే ఎక్కడో వీల్ అలైన్‌మెంట్ చేయించాడట. అక్కడ స్టీరింగ్ సెన్సర్‌ని మళ్లీ సున్నాకి తేలేదు. కారు తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ తిప్పినట్టే సెన్సర్ చెబుతోంది, పాపం ఈఎస్‌సీ దాన్నే నమ్ముతోంది. స్కానర్ పెట్టి సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. సైజు కలవని టైర్లు వేసినా ఇలాంటి తంటాలే వస్తాయి.

నా దగ్గర పద్ధతి ఇది: మొదటి సెషన్లు మొత్తం ఆన్‌లోనే. లైటు ఎక్కడెక్కడ వచ్చిందో గుర్తుపెట్టుకుని నాకు చెప్పాలి. ఆ చోట్లన్నిట్లో లైటు రావడం ఆగాకే స్పోర్ట్ మోడ్. పూర్తిగా ఆఫ్ అనేది చుట్టూ గోడలు లేని ఖాళీ మైదానంలో, తక్కువ స్పీడులో మాత్రమే. చినుకు పడిందా, పిట్‌లోకి రప్పించి ఈఎస్‌సీని మళ్లీ నేనే ఆన్ చేస్తాను.