హెర్పిస్ అనుమానం: ఏ పరీక్ష, ఎప్పుడు?

మర్మావయవాల దగ్గర చిన్న పొక్కు కనబడగానే చాలామంది గది తలుపు గడియ పెట్టుకుని ఫోన్‌లో ఫొటోలు వెతకడం మొదలుపెడతారు. అక్కడ దొరికేవి ఎక్కువగా బాగా ముదిరిన కేసుల ఫొటోలే. అర్ధరాత్రి దాకా చూస్తూ కూర్చుంటే ప్రతిదీ తన పొక్కులాగే కనబడుతుంది. అలా రెండు మూడు రోజులు భయంతోనూ సిగ్గుతోనూ గడిచిపోతాయి. నిజంగా నష్టం జరిగేది ఈ రోజుల్లోనే, ఎందుకంటే హెర్పిస్‌ను తేల్చే పరీక్షకు కావలసింది తాజా పొక్కు.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. మొదటిది ఎక్కువగా పెదవుల మీద పొక్కులు తెస్తుంది, నోటి ద్వారా జరిపే శృంగారంతో జననాంగాలకూ సోకుతుంది. రెండోది ప్రధానంగా లైంగిక సంబంధాల వల్లే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపువారిలో 64 శాతం మందికి మొదటి రకం ఉంది. 15 నుంచి 49 ఏళ్లవారిలో 13 శాతం మందికి, అంటే దాదాపు 52 కోట్ల మందికి, రెండో రకం ఉంది. ఒకసారి ఒంట్లో చేరాక వైరస్ నరాల మూలాల్లో దాక్కుంటుంది. జననాంగాలకు సోకినదైతే వెన్నెముక కింది భాగంలోని నరాల ముడుల్లో ఉండిపోయి, అప్పుడప్పుడు అదే నరం వెంట చర్మానికి తిరిగొస్తుంది.

సోకిన 2 నుంచి 12 రోజుల్లో లక్షణాలు కనబడవచ్చు. ముందు చిమచిమలాడుతుంది, మంటగా ఉంటుంది. తర్వాత చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి పుండ్లవుతాయి. మూత్రం పోస్తే భరించలేనంత మంట, జ్వరం, ఒళ్లునొప్పులు, గజ్జల్లో బిళ్లలు కట్టడం కూడా ఉండొచ్చు. మొదటిసారి తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మళ్లీ వచ్చినా సాధారణంగా ఇంత బాధ ఉండదు.

అయితే పుస్తకంలో రాసినట్టు వచ్చే కేసులు తక్కువే. చాలామందికి సన్నని చీలికో కాస్త దురదో వచ్చి పోతుంది, కొందరికి అదీ ఉండదు. అమెరికాలో జరిపిన జాతీయ సర్వేలో, రెండో రకం ఉన్న 14 నుంచి 49 ఏళ్లవారిలో సుమారు 87 శాతం మందికి తమకు ఆ జబ్బుందని ఏ డాక్టరూ చెప్పలేదు. ఇక పొక్కు కనబడినంత మాత్రాన హెర్పిస్ అనుకోవడానికీ లేదు. షేవింగ్ తర్వాత లోపలికి పెరిగిన వెంట్రుక, వెంట్రుక కుదుళ్ల ఇన్ఫెక్షన్, ఫంగస్, గజ్జి, కొత్త సబ్బుకో కండోమ్ రబ్బరుకో వచ్చిన అలర్జీ, కొన్ని మాత్రలు పడక లేచే మచ్చలు, వీటిలో ఏదైనా కావచ్చు. నొప్పి లేని ఒంటరి పుండైతే తేలిగ్గా తీసుకోకూడదు, లైంగికంగా సోకే మరో జబ్బు సిఫిలిస్ అలాగే మొదలవుతుంది. దానికి పెన్సిలిన్‌తో పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంది కాబట్టి ఆ రక్తపరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు.

పొక్కు ఉందంటే చర్మవ్యాధుల డాక్టరు దాన్ని తెరిచి, అడుగునుంచి దూదిపుల్లతో స్రావం తీసి, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు పంపిస్తారు. పొక్కు లేచిన 48 గంటల్లోపు తీస్తే ఫలితం బాగా నమ్మదగ్గది, చెక్కు కట్టాక వైరస్ దొరకడం కష్టం. రకమేదో కూడా ఈ పరీక్షే చెబుతుంది. ఆలస్యంగా తీసిన నమూనాలో వైరస్ లేదని వస్తే హెర్పిస్ లేదని ఖాయం చేసుకోలేం. డాక్టరుకు చూపించేలోపు యాంటీసెప్టిక్ పోసి రుద్దడం, ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీము రాయడం చేస్తే ఉన్న పుండు రూపమే మారిపోతుంది.

భయపడినవాళ్లు ఎక్కువగా పరుగెత్తేది మాత్రం రక్తపరీక్షకే. అది వెతికేది వైరస్‌ను కాదు, దానికి శరీరం తయారుచేసుకున్న ఐజీజీ యాంటీబాడీలను. అవి కనబడే స్థాయికి చేరడానికి 12 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. కిందటి వారం జరిగినదానికి ఇవాళ రక్తమిస్తే ఏమీ తేలదు. కొత్త ఇన్ఫెక్షన్‌లో ముందుగా వచ్చే యాంటీబాడీలను వెతికేదంటూ ల్యాబ్ ప్యాకేజీల్లో కలిపి అమ్మే ఐజీఎం పరీక్ష ఇంకా అయోమయం. పాత ఇన్ఫెక్షన్ తిరగబెట్టినప్పుడూ అది పాజిటివ్ రావచ్చు, రెండు రకాలనూ సరిగా విడదీయలేదు. నా దృష్టిలో ఆ డబ్బు వృథా.

ఐజీజీ పాజిటివ్ వచ్చినా ఆగి ఆలోచించాలి. వెయ్యిమందిలో 50 మందికి నిజంగా జబ్బుందనుకుందాం. పరీక్ష వాళ్లందరినీ పట్టుకుంటుందని, కానీ జబ్బు లేని ప్రతి వందమందిలో అయిదుగురికి పొరపాటున ఉందని చెబుతుందని అనుకుందాం. మిగిలిన 950 మందిలో సుమారు 47 మందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి జబ్బే లేదు! ఎక్కువగా వాడే పరీక్షల్లో ఇండెక్స్ విలువ (యాంటీబాడీలు ఏ మేరకు కనబడ్డాయో చూపే, రిపోర్టులోని అంకె) 1.1 నుంచి 3 మధ్య ఉంటే ఇలాంటి పొరపాటుకు అవకాశం ఎక్కువ, రెండో పద్ధతిలో నిర్ధారించుకోవాలి. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఈ తప్పుడు పాజిటివ్‌ల గురించి హెచ్చరించింది. లక్షణాల్లేని వారందరికీ ఈ పరీక్ష చేయొద్దని అక్కడి నిపుణుల బృందం అదే ఏడాది మరోసారి చెప్పింది. మొదటి రకం యాంటీబాడీలు కనబడితే అవి ఏ చోటి ఇన్ఫెక్షన్‌వో తెలియదు, చిన్నప్పుడు పెదవి మీద వచ్చిన పొక్కువే కావచ్చు.

పొక్కే లేకుండా చిమచిమ మాత్రమే వారాల తరబడి ఉందంటే టెన్షన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోజుకు ఇరవైసార్లు ఒకేచోట తడిమి చూసుకుంటుంటే ఏ చర్మమైనా మండుతుంది.

నిజంగా హెర్పిసే అని తేలితే పూర్తిగా వదిలించే మందు ఇప్పటికి లేదు, అదుపులో పెట్టేవి ఉన్నాయి. ఎసైక్లోవిర్ పనిచేసే తీరు ముచ్చటేస్తుంది. వైరస్ సోకిన కణంలో వైరస్ తాలూకు ఎంజైమే ఈ మందును క్రియాశీలం చేస్తుంది, ఆ తర్వాత అది వైరస్ డీఎన్‌ఏ పెరగకుండా ఆపుతుంది. సోకని కణాల జోలికి పెద్దగా పోదు. ఈ మందు వెనకున్న పరిశోధకుల్లో ఒకరైన గెర్‌ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ఇదే కుటుంబానికి చెందిన వాలసైక్లోవిర్‌ను రోజూ వేసుకుంటే, రెండో రకం భాగస్వామికి సోకడం దాదాపు సగానికి తగ్గిందని 2004 నాటి అధ్యయనం చూపింది. కండోమ్ కూడా ముప్పును తగ్గిస్తుంది, కానీ అది కప్పని చర్మం నుంచి సోకే వీలుంది.

ఫలితం చేతికి రాగానే ఇంట్లో మొదలయ్యే గొడవ “ఎవరినుంచి వచ్చింది?” అని. పొక్కు ఇవాళ లేచినా వైరస్ ఏళ్ల క్రితమే చేరి ఉండొచ్చు, కాబట్టి దీన్ని మోసానికి సాక్ష్యంగా చూపలేం. పుండులో వైరస్ దొరికి, రక్తంలో అదే రకానికి యాంటీబాడీలు ఇంకా లేకపోతే కొత్తగా సోకిందని అనుకోవచ్చు. రెండూ ఉంటే ఎప్పటిదో చెప్పడం కష్టం. ఎప్పుడు సోకిందన్నది గర్భిణుల విషయంలో మాత్రం చాలా ముఖ్యం. నెలలు నిండే సమయంలో తొలిసారి సోకితే పుట్టే బిడ్డకు సోకే ప్రమాదం 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది, పాత ఇన్ఫెక్షనైతే ఒక శాతం లోపే. అందుకే తనకు గానీ భర్తకు గానీ ఎప్పుడైనా ఇలాంటి పొక్కులు వచ్చి ఉంటే గర్భిణి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కాన్పు సమయానికి పుండ్లుంటే సిజేరియన్ చేస్తారు.