జమ్ములో దాక్కునే బిటర్న్: అపోహలు, వాస్తవాలు

చెరువుల్లో పక్షుల లెక్క తీయడం నా పని. ఎల్లో బిటర్న్ ఫొటో ఎవరికి చూపించినా అవే మాటలు వినిపిస్తాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: ఇది గుడ్డికొంగ పిల్ల.

కాదండీ. కొంగల కుటుంబమే గానీ పక్షి వేరు. ముక్కు నుంచి తోక దాకా 38 సెంటీమీటర్లు దాటదు, బరువు వంద గ్రాముల చుట్టుపక్కల. ఎగిరినప్పుడు రెక్కలు చూస్తే సరిపోతుంది. గుడ్డికొంగవి తెల్లగా మెరుస్తాయి, ఎల్లో బిటర్న్‌వి లేత పసుపు మీద అంచులు నల్లగా ఉంటాయి, దీని దగ్గరి చుట్టం సిన్నమన్ బిటర్న్‌వి మొత్తం దాల్చిన చెక్క రంగే.

అపోహ: చాలా అరుదు, కొల్లేరు లాంటి చోట తప్ప ఉండదు.

కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. సిన్నమన్ బిటర్న్ అయితే వరిచేలల్లో, కాలువ గట్ల తుంగలో కూడా బతుకుతుంది. ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో ఈ రెండు బిటర్న్‌లకీ ప్రస్తుతానికి అంతరించే ముప్పు లేదు.

అపోహ: మనిషిని చూసి భయంతో కొయ్యబారిపోతుంది.

అసలు చూడాల్సిందే ఇది. మెడ నిలువుగా సాచి, ముక్కు ఆకాశానికి పెట్టి నిలబడుతుంది, అప్పుడు మెడ మీది నిలువు చారలు (ఆడవాటికీ పిల్లలకీ బాగా తెలుస్తాయి) జమ్ము కాడల్లో కలిసిపోతాయి. ముక్కు పైకెత్తినా కళ్లు దాని కింద నుంచి ముందుకు చూడగలవు, అంటే మీరు దాన్ని వెతుకుతున్నంతసేపూ అది మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. వేటాడేటప్పుడు ఇంకో విద్య: ఒక కాలితో ఒక కాడని, రెండో కాలితో పక్క కాడని పట్టుకుని, నీళ్లలో అడుగు పెట్టకుండానే చేప మీదికి వంగుతుంది.

అపోహ: ఎక్కువ దూరం ఎగరలేదు.

జపాన్‌లో గూడు పెట్టే ఎల్లో బిటర్న్‌లు చలికాలానికి దక్షిణానికి వలస పోతాయి. అంతకన్నా ఏం కావాలి?

అపోహ: జమ్ము పీకేస్తే చెరువు బాగుపడుతుంది.

గుర్రపుడెక్క తీస్తానంటే నేనూ వస్తా. కానీ దాంతోపాటు జమ్మునీ ఒడ్డు దాకా జేసీబీతో లాగేస్తున్నారు, అదీ సరిగ్గా వానాకాలంలో, ఇవి నీటికి కాస్త పైన ఆకులు పేర్చి గూడు కట్టుకుని నాలుగైదు గుడ్లు పెట్టే రోజుల్లో! జమ్ము చెరువంతా అల్లుకుపోతే ఇబ్బందే, ఒప్పుకుంటా. అలాంటప్పుడు ఎండాకాలంలో పాయలు పాయలుగా కోసి, ఒడ్డు వెంట ఒక పట్టీ వదిలేయండి.

అపోహ: ఫోన్‌లో కూత వినిపించి బయటికి రప్పిస్తే తప్పేం లేదు.

తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందనుకుని గూడు వదిలి తిరుగుతుంది, అంతసేపూ గుడ్లు ఖాళీగా ఉంటాయి. దానికి బదులు తెల్లవారగానే గట్టు మీద కదలకుండా కూర్చుని, జమ్ము అంచు నీటిని తాకే చోటే చూడండి.